కావలికుక్క తిండియు దాని యెముకల బలమును

ఈ పత్రికయందు మేము విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు, పాడిపశువులను గూర్చియు తరచుగా వ్రాయుచుందుము. కుక్క తిండిని గూర్చి వ్రాయుట యిదియే మొదటిసారి. “కుక్క తిండికి గూడ నొక వ్యాసమా?” యని కొందఱు సభ్యులు నవ్వవచ్చును. అయినను వేరుసెనగ కుప్పలు కళ్ళమునందున్న రాత్రులలోను, మొక్కజొన్న కంకి పాలుపట్టిన నాటినుండి కోతవఱకును, అడవిపందుల బారినుండి మన పంటను కాచుచున్న దెవరో తలచుకొన్నచో ఆ నవ్వు నిలువదు. కూలి యడుగక, సెలవు పుచ్చుకొనక, వానలో తడిసి పనిచేయు సేవకుని తిండి యెట్టిదో విచారించుట యజమానికి విధియే గదా.

గడచిన వేసవిలో మేమొక గ్రామమునకు విత్తనశుద్ధి ప్రదర్శనకై వెళ్ళియుంటిమి. పని ముగిసిన పిదప ఒక రైతు మమ్ము తన దొడ్డికి దీసికొనిపోయి, అయిదు మాసముల కుక్కపిల్ల నొకదానిని చూపెను. రాజపాళయపు జాతిది, తెల్లనిది, పొడవైన కాళ్ళు గలది. కాని ముంగాళ్ళు రెండును విల్లువలె వంగియుండెను. పాదములు చదునుగా నేలకు పఱచుకొని యుండెను. ఎత్తుకొనబోయిన మూలుగుచుండెను. మూడు దినముల క్రిందట మోకాలెత్తు గట్టుమీదనుండి దూకినంతమాత్రమున ముంగాలి యెముక విఱిగెనట. ఇరుగుపొరుగువారిలో నొకరు దిష్టియనిరి, మఱియొకరు వాతమనిరి.

“అయ్యా, నేను దీనికి తిండి లోటు చేయలేదు. వరియన్నము, వారమునకు నాలుగు దినములు మెత్తని మేకమాంసము పెట్టితిని. ఎముక గొంతున తగులునేమో యని ప్రతి ముక్కయు నేరి, ఎముక తీసివేసి మఱీ పెట్టితిని” అని యా రైతు కన్నుల నీరు పెట్టుకొనెను.

మేము వారిని వెంటబెట్టుకొని పట్టణములోని పశువైద్యశాలకు వెళ్ళితిమి. వైద్యుడు ఎక్స్‌రే తీయించి వెలుతురునకు పట్టి చూపెను. తెల్లగా కనబడవలసిన యెముకలు పొగవలె మసకగా నుండెను. “మీరు కడుపునిండ పెట్టినారు. కాని యీ తిండిలో ఎముక కట్టుటకు కావలసిన కాల్షియము లేదు. ఎముక నేరివేసినపుడు దానినిగూడ ఏరివేసినారు” అని యాయన చెప్పెను.

ప్రేమతో చేసిన పనియే పిల్లను కుంటిదానిని చేసెను. మన గ్రామములలో నిట్టివి మఱికొన్ని యుండును. కావున ఇంటిలో వండిన తిండి తిను కుక్కకు కాల్షియ మెచ్చటనుండి రావలెనో, ఎంత రావలెనో, ఎంత మించరాదో ఇచ్చట వ్రాయుచున్నాము.

ఎముకయే నిలువనిధి

కాల్షియమనగా సున్నమునకు మూలమైన ధాతువు. అదియు భాస్వరమును గలిసి యెముకకును పంటికిని గట్టిదనము నిచ్చును. శరీరములోని కాల్షియములో నూటికి 99 పాళ్ళు ఎముకలలోను పండ్లలోనుమాత్రమే యుండును. మిగిలిన యొక్క పాలు నెత్తురునందును కండలయందును ఉండి, గుండె కొట్టుకొనుటకును, కండ ముడుచుకొనుటకును, గాయమైనచోట నెత్తురు గడ్డకట్టుటకును తోడ్పడును. ఈ యొక్క పాలు తగ్గెనా, ప్రాణమునకే ముప్పు. కనుక శరీరము దానిని తగ్గనీయదు.

సంఘపు లెక్కలు చూచు సభ్యులకు దీనిని తెలిసికొనుట సులభము. సంఘమునకు రాబడి లేకపోయినను జీతములును అద్దెలును ఆగవు. కార్యదర్శి నిలువనిధినుండి కొంత కొంత తీసి నగదుపెట్టెలో వేయుచుండును. పెట్టెను తెఱచి చూచినవారికి లోటు కనబడదు. నిధిమాత్రము లోలోపల కరగిపోవుచుండును. ఒకనాడు తీయుటకేమియు మిగులదు.

కుక్క గొంతునం దుండు నాలుగు చిన్న గ్రంథులు ఈ కార్యదర్శి పనిని చేయును. వీనికి పారాథైరాయిడు గ్రంథులని పేరు. తిండిలో కాల్షియము చాలనిచో ఇవి యొక రసమును విడిచి, ఎముకనుండి కాల్షియమును లాగి నెత్తురులో కలుపును. అందుచేత నెత్తురు పరీక్షించినను చాలవఱకు లెక్క సరిగానే యున్నట్లు తోచును. ఎముకమాత్రము పలుచనై, మెత్తనై, వంగి, విఱుగును. పిల్లలలో నిది కొలది వారములలోనే బయటపడును. ఎదిగిన కుక్కలలో మాసములు, ఒక్కొక్కపుడు సంవత్సరములు పట్టును. దవడయెముక మెత్తబడి పండ్లు కదలుట వానిలో నొక గుర్తు.

కాల్షియ మొక్కటే చూచిన చాలదు. భాస్వరముతో దాని పాలు కుదురవలెను. తిండిలో భాస్వర మొక పాలున్నచో కాల్షియ మొకటికి తగ్గక, రెండింటికి మించక యుండుట కుక్కకు తగినది. భాస్వరము మెండై కాల్షియము కొఱవడినచో పైని చెప్పిన గ్రంథులు మఱింత తొందరపడి యెముకను కరగించును.

మనము పెట్టు తిండిలో ఎంత గలదు?

ఇరువది కిలోల బరువుగల యెదిగిన కుక్కకు దినమునకు సుమారు 1300 మిల్లీగ్రాముల కాల్షియము కావలెను. దానికి మనము 300 గ్రాముల జొన్నపిండితో సంకటి చేసి, 150 గ్రాముల ఎముకలేని మాంసము కలిపి పెట్టితిమనుకొందము. కడుపు నిండును. నూరు గ్రాముల జొన్నలో కాల్షియము 25 మొదలు 28 మిల్లీగ్రాములు. నూరు గ్రాముల మాంసములో సుమారు 10 మిల్లీగ్రాములు. మొత్తము కూడినను నూరు మిల్లీగ్రాములు కాలేదు. అనగా కావలసినదానిలో పదుమూడవ వంతు! భాస్వరమో, ఆ తిండిలోనే దాదాపు 1000 మిల్లీగ్రాములు గలదు. కాల్షియ మొక పాలు, భాస్వరము పది పాళ్ళు: త్రాసు పూర్తిగా తలక్రిందయినది.

జొన్నకు బదులు వరియన్నము పెట్టినచో లెక్క యింకను తగ్గును. నూరు గ్రాముల తెల్లబియ్యములో కాల్షియము 10 మిల్లీగ్రాములకు మించదు. రాగి మాత్రము ధాన్యములలో రాజు. నూరు గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములు గలదు. కాని రాగియందును, తక్కిన ధాన్యములయందును ఫైటికామ్లమను పదార్థము గలదు. అది కాల్షియమును కట్టివేసి, ప్రేగులనుండి నెత్తురులోనికి పోనీయదు. రాగులను నానబెట్టి మొలకెత్తించినను, పిండిని పులియబెట్టి యంబలి కాచినను ఈ కట్టు కొంత సడలును. కావున కుక్కకు బియ్యముకంటె రాగి మేలు. రాగినే నమ్మి యూరకుండరాదు.

ఇది క్రొత్త సంగతి కాదు. 1889 ప్రాంతమున లండను జంతుప్రదర్శనశాలలోని సింహపుపిల్లలు ఎముకలేని మాంసము తిని కాళ్ళు వంగి చచ్చుచుండగా, బ్లాండ్ సటన్ అను శస్త్రవైద్యుడు దంచిన యెముకలును, పాలును, కాడ్ అను చేప కాలేయపు నూనెయు పెట్టించెను. పిల్లలు కోలుకొనెను. తరువాత ఎడ్వర్డు మెలన్బీ అను శాస్త్రజ్ఞుడు కుక్కపిల్లలను ఇంటిలోపల నుంచి, ఓట్లను ధాన్యపు జావ మొదలగువానితో పెంచి, వానికి ఎముకలు మెత్తబడు రోగము వచ్చుటను, చేపనూనె పోసినచో రాకుండుటను కనిపెట్టి 1919లో ప్రకటించెను. ధాన్యములలోని ఫైటికామ్లము చేయు కీడును గూడ ఆయన, తనతో పనిచేసినవారును, 1939లో తెలిపిరి. మనుష్యుల బిడ్డల రోగమునకు మందు తెలిసినది ఆ కుక్కపిల్లల వలననే. ఆ తెలివిని మన కుక్కల కుపయోగించుట ఋణము తీర్చుటయే యగును.

పొరపాటు ఉపాయములు

కాల్షియమనగానే రైతులకు తోచు నుపాయములు కొన్ని గలవు. వానిలో పెక్కులు నిష్ఫలములు, కొన్ని యపాయకరములు.

ఉడికిన యెముకలు: కూరలోని యెముకను కుక్కకు వేయుట మన యలవాటు. ఉడికిన యెముక పెళుసై, కొఱికినపుడు సూదులవలె చీలును. ఆ చీలికలు గొంతునను ప్రేగులను గ్రుచ్చుకొని కుక్కను చంపవచ్చును. కోడియెముకలు మఱింత చెడ్డవి.

ఎముకల పులుసు: ఎముకలను గంటలకొలది కాచిన నీటిలో సారమంతయు దిగునని చాలమంది నమ్మిక. రుచి దిగును, జిగురు దిగును. కాల్షియము మాత్రము మిక్కిలి కొంచెమే దిగును. తక్కినది యెముకలోనే యుండిపోవును.

పాలు, మజ్జిగ: పాలలో కాల్షియమును భాస్వరమును చక్కని పాళ్ళలో నున్నవి. కాని ఆవుపాలు నూరు మిల్లీలీటర్లలో నున్నది సుమారు 120 మిల్లీగ్రాములే. ఇరువది కిలోల కుక్కకు పాలతోనే లెక్క తీర్పవలెనన్న దినమునకు లీటరునకు పైగా పోయవలెను. అంత పోసిన పెక్కు కుక్కలకు విరేచనములగును. నీళ్ళమజ్జిగ లెక్కకు రాదు. ఒక గరిటెడు పెరుగు మంచిదే, అది తోడుమాత్రము.

ఆకుకూరలు: మునగాకులో కాల్షియము మెండే. కాని కుక్క లెక్క తీరుటకు దినమును కుప్పెడాకు పెట్టవలసివచ్చును. కుక్క దానిని తినదు.

సున్నము, సుద్ద: తమలపాకున కలుపు సున్నము నోటిని కడుపును కాల్చును, దానిని ముట్టింపరాదు. బడిలో వ్రాయు సుద్దముక్క చాలవఱకు జిప్సముతో చేసినది. అది తిండి కాదు.

ఎరువు ఎముకపిండి: ఇది ముఖ్యముగా గమనింపవలెను. సంఘపు గిడ్డంగిలో తోటలకు అమ్ము ఎముకపిండి నేలకొఱకు చేసినది, నోటికొఱకు కాదు. అది సరిగా శుద్ధి కానిచో దొమ్మరోగపు బీజములను గూడ మోసికొనిరావచ్చును. వాసనకు కుక్క సంచి చించి మెండుగా తినినచో కడుపులో సిమెంటువలె ముద్దకట్టి యడ్డుపడును. కావున పెట్టవద్దు, సంచిని గూడ అందనీయవద్దు.

పశువుల ఖనిజ మిశ్రమము: ఇది నాలుగు వందల కిలోల గేదెకు కూర్చిన లెక్క. పదునైదు కిలోల కుక్కకు చిటికెడు, గుప్పెడని ఊహించి పెట్టుట మంచిది కాదు.

గ్రుడ్డు పెంకు

ఇన్నింటిని కాదన్నపిమ్మట మేము చెప్పెడి యుపాయము మీ పెరటిలోనే యున్నది. మనము గ్రుడ్డు పగులగొట్టి కుప్పలో పాఱవేయు పెంకులో నూటికి దాదాపు 95 పాళ్ళు కాల్షియము కార్బొనేటు. ఒక్క కోడిగ్రుడ్డు పెంకు 5 గ్రాములు, కొంచెము పైగా తూగును. దానిలో సుమారు 2 గ్రాముల, అనగా 2000 మిల్లీగ్రాముల కాల్షియము గలదు. భాస్వరము మిక్కిలి స్వల్పము. జొన్నలోను మాంసములోను భాస్వరము మెండై కాల్షియము లేదు. పెంకులో కాల్షియము మెండై భాస్వరము లేదు. ఒకదాని లోటు నొకటి తీర్చును.

తయారుచేయు విధము: పెంకులను కడిగి, మఱుగుచున్న నీటిలో పది నిమిషము లుంచవలెను, పెంకున నంటియుండు రోగబీజములు చచ్చును. లోపలి పొరను తీయ నక్కఱలేదు. గుడ్డపై పఱచి యెండలో బాగుగా నెండబెట్టి, రోటిలో దంచియో, మిక్సీలో వేసియో మెత్తని పిండి చేసి, పలుచని గుడ్డలో జల్లింపవలెను. వ్రేళ్ళమధ్య నలిపినపుడు గరుకు తగులరాదు. పలుకులుగా నున్నది అరుగక వెలికిపోవును, ప్రేగులను గీరవచ్చును. పిండిని తడిలేని గాజుసీసాలో నుంచి మూత బిగింపుడు. గ్రుడ్లు కొననివారు కాఫీహోటలు నడుపు వారినడిగిన, పాఱవేయు పెంకులను ఊరకే యిత్తురు.

పెట్టు మోతాదు: ఇంటి సంకటియో, అన్నమో, ఎముకలేని మాంసమో తిను ఎదిగిన కుక్కకు దినమున కిట్లు కలుపవలెను.

10 కిలోల కుక్కకు 2 గ్రాముల పొడి.
20 కిలోల కుక్కకు 3½ గ్రాముల పొడి.
30 కిలోల కుక్కకు 5 గ్రాముల పొడి.

త్రాసు లేనివారు ఇట్లు గుర్తుంచుకొనవచ్చును: 30 కిలోల కుక్కకు దినమున కొక పెంకు, 20 కిలోల కుక్కకు మూడు దినములకు రెండు పెంకులు, 10 కిలోల కుక్కకు అయిదు దినములకు రెండు పెంకులు. అయినను మొదటిసారి పొడిని అంగడిత్రాసులో తూచి, మీ చెంచాలో అది యెంతవఱకు వచ్చునో గీటుపెట్టుకొనుడు. కుక్కను గూడ, దాని నెత్తుకొని కాటామీద నిలిచి, పిదప మీరొక్కరే నిలిచి, తేడా చూచి తెలిసికొనవచ్చును. పొడిని చల్లారిన తిండిలో బాగుగా కలిపి, దినమును రెండు పూటలకు పంచి పెట్టవలెను. ముందటి లెక్కలో చెప్పిన సంకటి మాంసములకు 3½ గ్రాముల పొడి కలిసినచో కాల్షియము సుమారు 1400 మిల్లీగ్రాములై, భాస్వరముతో తగిన పాళ్ళకు వచ్చును.

పేడికలు గట్టిపడి తెల్లగా సుద్దవలె నున్నచో మోతాదు మించినదని తెలిసికొని తగ్గింపుడు. మూత్రపిండముల రోగమున్న కుక్కలకు వైద్యుని యడుగక పెట్టవద్దు. అంగడిలో నమ్ము సమతూకపు కుక్కతిండిని పెట్టువారు పెంకుపొడిని కలుపనే కూడదు; అందులో లెక్క ముందే సరిపెట్టబడియున్నది.

ఎండ చాలదా?

కాల్షియము ప్రేగులనుండి నెత్తురులో చేరుటకు విటమిను డి తోడు కావలెను. మనకు ఎండ తగిలిన చర్మమునందే యిది పుట్టును. కుక్క దినమంతయు నెండలో తిరుగుచున్నది గదా, దానికేమి లోటని యడుగవచ్చును. కుక్క చర్మము ఈ పని సరిగా చేయలేదని 1994లో హాలండు దేశపు పరిశోధకులు తెలిపిరి. కావున దానికిది తిండినుండియే రావలెను. ఉడికించిన గ్రుడ్డులోని పచ్చసొనయందును, చేపలయందును, కొంచెము కాలేయమునందును ఇది గలదు. వారమునకు రెండు మూడు గ్రుడ్లు పెట్టినచో సొన కడుపులోనికి, పెంకు సీసాలోనికి పోవును.

తీరగ్రామములవారికి మఱియొక సదుపాయము గలదు. నెత్తళ్ళవంటి చిన్న యెండుచేపలను ముల్లుతో సహా తినవచ్చును గనుక కాల్షియము, భాస్వరము, విటమిను డి మూడును వానిలో గలవు. కొల్లేటి ప్రాంతమున బాతులమందలను కాయు జోనంగి కుక్కల కిట్టి చేపలు సులభముగా దొరకును. ఉప్పు వేసి యెండబెట్టినవానిని మాత్రము నీటిలో నానబెట్టి, ఉప్పు పోగొట్టి పెట్టవలెను.

పిల్లల విషయము వేఱు

ఎదుగు పిల్లకు ఎముక కట్టు పని యున్నది. మూడు మాసముల వయస్సున అయిదు కిలోలు తూగు పిల్లకు దినమునకు 2000 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కావలెను. అనగా ఇరువది కిలోల పెద్దకుక్కకంటె నెక్కువ! భాస్వరము గూడ దానికి దాదాపు అంత కావలెను. పెంకుపొడిలో భాస్వరము లేదు గనుక పిల్లలకు పెంకుపొడి యొక్కటే పెట్టి యూరకున్నచో లెక్క మఱియొక ప్రక్కకు తప్పును.

ఎక్కువ పెట్టిన మేలు గదా యని తలచువారున్నారు. 1985లో హాలండునందలి యూట్రెక్టులో గ్రేట్ డేను అను పెద్దజాతి పిల్లలకు కాల్షియము మిక్కిలిగా పెట్టి చూచిరి. వాని యెముకలు వంకరపోయెను, కీళ్ళు చెడెను. పెద్దకుక్క అక్కఱకు మించిన కాల్షియమును ప్రేగులలోనే త్రోసిపుచ్చును. లేతపిల్లకు ఆ శక్తి లేదు, పెట్టినదానిలో చాలభాగము లోనికి చేరిపోవును. కనుక లోటు వలన కాళ్ళు వంగును. మితిమీరుట వలనను కాళ్ళు వంగును. రాజపాళయము, అల్సేషియను మొదలగు పెద్ద కుక్కల పిల్లలను పెంచువారు మఱింత జాగ్రత్తగా నుండవలెను.

కావున పిల్లల విషయమున మా సలహా యిది. ఆఱు మొదలు ఎనిమిది వారములవఱకు తల్లిపాలు మాన్పింపవద్దు. తరువాత సంవత్సరము నిండువఱకు, శక్తిగలవారు పిల్లలకొఱకు చేసిన సమతూకపు తిండిని పెట్టుడు, దానికేమియు కలుపవద్దు. ఇంటితిండియే పెట్టువారు, దినమును ఏమేమి, ఎన్నెన్ని గ్రాములు పెట్టుచున్నారో కాగితముపై వ్రాసికొని, పిల్లను తీసికొని పశువైద్యునొద్దకు పొండు. కాల్షియమును భాస్వరమును రెండునుగల మందు నాయన బరువునుబట్టి నిర్ణయించును. పిల్ల పెరుగుచున్నకొలది రెండు మూడు వారముల కొకసారి లెక్క మార్పించుకొనుడు.

ఈనిన కుక్క

గేదె యీనిన పిదప పాలజ్వరము వచ్చి చతికిలబడుట రైతులెఱిగినదే. కుక్కకును ఇట్టిదే యొకటి గలదు. ఎక్కువ పిల్లలనీనిన తల్లికి, విశేషించి చిన్నజాతి కుక్కకు, ఈనిన మొదటి నాలుగు వారములలో నెత్తురులోని కాల్షియమంతయు పాలలోనికి పోయి, పైని చెప్పిన గ్రంథులు త్వరపడలేక పోవును. అపుడు కుక్క నిలుకడలేక తిరుగును, రొప్పును, కాళ్ళు బిఱుసెక్కి నడుచును, వణకును, తుదకు మూర్ఛలు వచ్చి పడిపోవును. ఒళ్ళు కాలిపోవుచుండును. ఇది గంటలలో తేలు ప్రమాదము. పిల్లలను వెంటనే వేఱుచేసి, తల్లిని వైద్యునొద్దకు మోసికొనిపోవలెను. ఆయన కాల్షియము మందును నరములోనికి, గుండె కొట్టుకొనుట కనిపెట్టుచు, మెల్లగా నెక్కించును. గేదెకు తెచ్చిన సీసానుండి తామే సూది వేయ సాహసించువారు కుక్క గుండె నాపివేయుదురు.

ఇది రాకుండ చూలుకుక్కకు ముందే కాల్షియము మెండుగా పెట్టుదమని తలపవద్దు. అట్లు పెట్టిన ఆ గ్రంథులు పని మఱచి సోమరులై, ఈనిన నాడు అక్కఱకు రావు. చూలునాడు మామూలు మోతాదు చాలును. పాలిచ్చునాడు తల్లికి తిండి రెండింతలు, ఒక్కొక్కపుడు అంతకు మించియు, పెట్టవలసియుండును. పొడిని ఆ తిండి పాళ్ళనుబట్టియే పెంచవలెను.

పచ్చి మాంసమును గూర్చి

అడవికుక్క పచ్చి యెముకను నమలి బ్రదుకుచున్నది గదా, మనమును పచ్చిదే పెట్టుదమని కొందఱడుగుదురు. పచ్చి యెముకలో కాల్షియమును భాస్వరమును తగిన పాళ్ళలో నుండుట నిజమే. కాని అడవికుక్క మన బిడ్డల నడుమ పండుకొనదు. గొఱ్ఱె మేకల కాలేయమునను ఊపిరితిత్తులయందును నీటితిత్తులవంటి బొబ్బలు కనబడును. అవి యొక బద్దెపురుగు యొక్క పిల్లదశ. వానిని పచ్చిగా తినిన కుక్క కడుపులో పురుగు పెరిగి, దాని గ్రుడ్లు మలముతో వెలువడి, గడ్డిమీదుగా గొఱ్ఱెలకును, చేతులమీదుగా మనుష్యులకును చేరును. మనిషి కాలేయములో అట్టి తిత్తి పెరిగిన శస్త్రచికిత్స చేయవలసి వచ్చును. కావున గొఱ్ఱెలకాపరులును, కోతపని చేయువారును అట్టి భాగములను కుక్కలకు వేయక, లోతుగా పూడ్చవలెను. పెట్టదగిన మాంసమును ఉడికించి, ఎముక తీసి పెట్టుడు. తీసిన యెముక లోటును పెంకుపొడితో పూరింపుడు. పురుగుల మందును వైద్యుడు చెప్పిన గడువున వేయింపుడు.

ఆ పిల్ల సంగతి

మేము చూచిన కుక్కపిల్లకు కాలికి కట్టు కట్టి, నెల దినములు దూకకుండ నొక చిన్న గదిలో నుంచిరి. మెత్తని యెముకపై పరుగు పెట్టించిన మఱల విఱుగును గదా. తిండి మార్చిరి. వైద్యుడు మోతాదు వ్రాసియిచ్చెను. మూడవ వారమునకు ఎత్తుకొన్నపుడు మూలుగుట మానెను. రెండవ నెల కడపట తీసిన ఎక్స్‌రేలో ఎముకలు తెల్లబడెను. పంట కళ్ళమునకు వచ్చిన దినములలో మేము మరల ఆ గ్రామమునకు పోయినపుడు అది వేరుసెనగ కుప్పపై కూర్చుండి మమ్ము చూచి మొఱిగెను. ముంగాళ్ళ వంపుమాత్రము పూర్తిగా పోలేదు; ఇక పోదు. ఆ రైతు దాని కాళ్ళు నిమురుచు, “అయ్యా, నేను కుప్పలో పాఱవేసిన పెంకులు దీని కాళ్ళకు రావలసినవి గదా” అనెను.

సభ్యులు నేటి సాయంకాలమే తమ కుక్క తిండిపళ్ళెమును ఒకసారి చూడుడు. అందు సంకటియు మాంసమును దప్ప వేఱేమియు లేనిచో, రేపటినుండి పెంకులను కుప్పలో వేయక ఎండబెట్టుడు. కాళ్ళు వంగుట, నొప్పితో కుంటుట, పండ్లు కదలుట, ఎత్తిన మూలుగుట మొదలగు గుర్తులున్నచో పొడిని నమ్మి కాలము పుచ్చక వైద్యునకు చూపుడు. ఖర్చు లేని పని. చెంచా కొలత తప్పకుండిన చాలును.